మద్యం దెబ్బ నుంచి కాలేయాన్ని మాత్రలు కాపాడతాయా?

మద్యం వల్ల కాలేయానికి కలిగే హానిని అడ్డుకుంటాయన్న నమ్మకంతో మాత్రలు, టానిక్‌లు, మూలికా చూర్ణాలు దేశమంతటా విరివిగా అమ్ముడవుతున్నాయి. వాటిలో చాలావాటిని కొనడానికి వైద్యుని చీటీ కూడా అవసరం లేదు. సప్లిమెంట్లుగా వ్యవహరించే ఈ అనుబంధ పోషకాల్లో కొన్నింటిపై గత నాలుగు దశాబ్దాల్లో పెద్ద పరీక్షలే జరిగాయి. తాగుడు కొనసాగిస్తున్న వ్యక్తిని కాలేయ రోగం నుంచి కాపాడగలదని వాటిలో ఏ ఒక్కటీ నిలకడగా రుజువు కాలేదు. కొన్ని మూలికలు, విటమిన్లు స్వయంగా కాలేయాన్ని దెబ్బతీసిన ఉదంతాలు మాత్రం వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఈ ప్రశ్న తక్కువ మందికి సంబంధించినది కాదు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించిన సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం సేవిస్తున్నారు. 2019లో వెలువడిన ఆ నివేదిక, మద్యం కారణంగా వైద్య సహాయం అవసరమైన స్థితికి చేరినవారి సంఖ్యను 5.7 కోట్లుగా అంచనా వేసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు దాటిన పురుషుల్లో మద్యం సేవించేవారు దేశవ్యాప్తంగా 19 శాతం. రాష్ట్రాలలో అరుణాచల్ ప్రదేశ్ 53 శాతంతో మొదటి స్థానంలో, తెలంగాణ 43 శాతంతో రెండో స్థానంలో నిలిచాయి.

కాలేయంలో జరిగేది ఏమిటి?

శరీరంలోకి చేరిన మద్యంలో అధిక భాగాన్ని కాలేయమే విచ్ఛిన్నం చేస్తుంది. ఒక ఎంజైమ్ దానిని మొదట ఎసిటాల్డిహైడ్ అనే విష పదార్థంగా మారుస్తుంది. మరో ఎంజైమ్ ఆ విషాన్ని హానిలేని ఎసిటేట్‌గా మారుస్తుంది. మద్యం మోతాదు పెరిగినకొద్దీ ఎసిటాల్డిహైడ్ కాలేయ కణాలలోని ప్రొటీన్లను, డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఇదే క్రమంలో కొవ్వును ఖర్చుచేసే ప్రక్రియ మందగించి, కణాలలో కొవ్వు పేరుకుంటుంది.

నష్టం సాధారణంగా దశలవారీగా సాగుతుంది. మొదటిది కొవ్వు కాలేయం. అధికంగా తాగేవారిలో సుమారు 90 శాతం మందిలో ఇది కనిపిస్తుంది. తరువాతి దశ కాలేయవాపు. వాపు ఏళ్ల తరబడి కొనసాగితే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దాని తుది రూపమే సిరోసిస్. దీర్ఘకాలం అధికంగా తాగేవారిలో 10 నుంచి 20 శాతం మంది ఈ స్థితికి చేరుకుంటారు. స్థూలకాయం, మధుమేహం, హెపటైటిస్ బి లేదా సి వైరస్ తోడైతే ముప్పు మరింత పెరుగుతుంది.

ఎంత తాగుతున్నామన్నది చాలామందికి స్పష్టంగా తెలియదు. 42.8 శాతం గాఢత గల విస్కీ 60 మిల్లీలీటర్లలో సుమారు 20 గ్రాముల మద్యం ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో సుమారు 60 గ్రాములు ఉంటుంది. 8 శాతం గాఢత గల 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో సుమారు 41 గ్రాములు, అంటే రెండు పెద్ద పెగ్గులతో సమానమైన మద్యం ఉంటుంది. బీరు తాగితే కాలేయానికి ఏమీ కాదన్న వాదనకు ఈ లెక్కే సమాధానం.

బలమైన తిండి తింటే తాగినా ప్రమాదం లేదన్న నమ్మకం కూడా పాతదే. ఒకప్పుడు వైద్యులు సైతం సిరోసిస్‌కు పోషకాహార లోపమే ప్రధాన కారణమని భావించేవారు. అమెరికాలో చార్లెస్ లీబర్, ఇమాన్యుయేల్ రూబిన్ బబూన్ జాతి కోతులపై జరిపిన పరిశోధన 1974లో ఈ భావనను తలకిందులు చేసింది. పోషకాహారానికి లోటు లేకుండా చూసినా, మద్యం వల్ల ఆ కోతులకు సిరోసిస్ వచ్చింది.

సిలిమారిన్: రెండు పరీక్షలు, రెండు ఫలితాలు

కాలేయ మాత్రల్లో ప్రపంచవ్యాప్తంగా ఎక్కువ ప్రచారం పొందినది సిలిమారిన్. మధ్యధరా ప్రాంతానికి చెందిన మిల్క్ థిసిల్ అనే ముళ్ల మొక్క గింజల నుంచి దీనిని తీస్తారు. ఇందులోని సిలిబినిన్ అనే పదార్థాన్ని యూరప్‌లో విషపు పుట్టగొడుగులు తిన్నవారికి నరం ద్వారా ఎక్కిస్తారు. ఆసుపత్రిలో ఇచ్చే ఆ సూదిమందుకు ఉన్న పేరు, దుకాణంలో దొరికే మాత్రకు కూడా అంటుకుంది.

మాత్ర విషయంలో సాక్ష్యం పరస్పర విరుద్ధంగా ఉంది. ఆస్ట్రియాలో 170 మంది సిరోసిస్ రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 1989లో వెలువడ్డాయి. సిలిమారిన్ తీసుకున్నవారిలో నాలుగేళ్ల తరువాత 58 శాతం మంది జీవించి ఉండగా, మందులేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 39 శాతం మందే మిగిలారు. అయితే మద్యం వల్ల సిరోసిస్ వచ్చిన 200 మందిపై స్పెయిన్‌లో జరిగిన పరీక్షలో ఇటువంటి తేడా కనిపించలేదు. 1998లో ప్రచురితమైన ఆ అధ్యయనం ప్రకారం సిలిమారిన్ వ్యాధి గమనాన్ని గానీ మరణాలను గానీ మార్చలేకపోయింది. అందుబాటులో ఉన్న పరీక్షలన్నిటినీ క్రోడీకరించిన కోక్రేన్ సమీక్ష కూడా మరణాల విషయంలో స్పష్టమైన ప్రయోజనం కనుగొనలేదు. సిలిమారిన్ వల్ల తీవ్ర దుష్ఫలితాలు అరుదు. అయితే హాని చేయకపోవడం వేరు, కాపాడటం వేరు.

లెసిథిన్: కోతులలో ఫలించి, మనుషులలో విఫలమై

సోయా చిక్కుడు నుంచి తీసే లెసిథిన్ జాతి కొవ్వు పదార్థంపై లీబర్ బృందమే పరిశోధనలు సాగించింది. మద్యం ఇచ్చిన బబూన్లలో కాలేయం మచ్చకట్టకుండా ఇది అడ్డుకుందని 1994లో వారు ప్రకటించారు. దానితో అమెరికాలోని మాజీ సైనికుల ఆసుపత్రులలో 789 మందితో పెద్ద పరీక్ష చేపట్టారు. రెండేళ్ల పాటు కొందరికి ఆ పదార్థం, మరికొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 2003లో వెలువడిన ఫలితాల ప్రకారం కాలేయం గట్టిపడటంలో రెండు వర్గాల మధ్య తేడా లేదు.

అదే పరీక్ష మరొక విషయాన్ని బయటపెట్టింది. పాల్గొన్నవారిలో చాలామంది వ్యసన విముక్తి కార్యక్రమానికి వెళ్లడానికి నిరాకరించారు. అందువల్ల నర్సులే వారితో కూర్చుని మద్యం వల్ల కలిగే హాని గురించి వివరించి, తగ్గించుకునే మార్గాలు సూచించారు. వైద్య సిబ్బంది ఆ సలహాను బలపరిచారు. పరీక్షకు ముందు రోజుకు సగటున 16 ప్రామాణిక పానీయాలు తాగే ఆ మనుషులు 2.5కు తగ్గారు. ఆ తగ్గుదల పరీక్ష కొనసాగినంత కాలం నిలిచింది. మందు లేని మాత్ర మింగినవారు కూడా ఆశించినంతగా క్షీణించకపోవడంతో, మందు ప్రభావాన్ని విడిగా గుర్తించడం కష్టమైందని కూడా పరిశోధకులు భావించారు. మాత్ర చేయలేని పనిని నర్సు మాట చేసింది.

ఇతర పోషకాలు

సామ్-ఇ అనే పదార్థం శరీరంలో సహజంగా తయారవుతుంది. మద్యం వల్ల కాలేయం దెబ్బతిన్నవారిలో ఇది తగ్గుతుంది. స్పెయిన్‌లో 123 మంది సిరోసిస్ రోగులకు రెండేళ్ల పాటు రోజుకు 1,200 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చిన పరీక్ష 1999లో వెలువడింది. మరణించినవారు లేదా కాలేయ మార్పిడి అవసరమైనవారు ఉత్తుత్తి మాత్ర వర్గంలో 30 శాతం కాగా, సామ్-ఇ వర్గంలో 16 శాతం. అయితే గణాంక శాస్త్రం ప్రకారం ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి చాలలేదు. వ్యాధి బాగా ముదిరినవారిని మినహాయించి లెక్కించినప్పుడే తేడా స్పష్టంగా కనిపించింది. తరువాత జరిగిన చిన్న పరీక్షలో ప్రయోజనం కనిపించలేదు.

విటమిన్ ఇ విషయంలో రెండు వ్యాధులను ఒకటిగా చూడటం వల్ల అపోహ ఏర్పడింది. మద్యంతో సంబంధం లేని కొవ్వు కాలేయంలో, మధుమేహం లేని కొందరికి ఇది ఉపయోగపడినట్లు 2010లో అమెరికా పరీక్ష చూపింది. మద్యం వల్ల వచ్చిన కాలేయవాపులో రోజుకు 1,000 యూనిట్లు ఇచ్చినా కాలేయ పనితీరు గానీ మరణాల సంఖ్య గానీ మెరుగుపడలేదని 2004 నాటి అధ్యయనం తెలిపింది.

ఎన్-ఎసిటైల్ సిస్టీన్ గురించి కూడా ఇటువంటి గందరగోళమే ఉంది. తీవ్ర కాలేయవాపుతో ఆసుపత్రిలో చేరిన 174 మందిపై ఫ్రాన్స్‌లో జరిగిన పరీక్ష 2011లో వెలువడింది. స్టిరాయిడ్‌తో పాటు దీనిని నరం ద్వారా ఎక్కించినప్పుడు నెల రోజుల్లో మరణాలు 24 శాతం నుంచి 8 శాతానికి తగ్గాయి. ఆరు నెలల నాటికి ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు. ఇది ప్రాణాపాయ స్థితిలో ఉన్న రోగికి ఆసుపత్రిలో చేసే చికిత్స. విందుకు వెళ్లే ముందు మింగే మాత్రకు దీనిని సాక్ష్యంగా చూపడం సరికాదు.

కాఫీ తాగేవారిలో మద్యం సంబంధిత సిరోసిస్ తక్కువగా ఉన్నట్లు అమెరికాలో 1,25,000 మందికి పైగా వ్యక్తులను పరిశీలించిన అధ్యయనం 2006లో తెలిపింది. అయితే అది అలవాట్లను గమనించిన అధ్యయనం మాత్రమే. కాఫీయే కాపాడిందని అది నిరూపించదు. తాగుడుకు కాఫీ విరుగుడు అనుకోవడానికి ఆధారం లేదు.

మన మూలికల మాట

భారత ఉపఖండంలో కాలేయ మందు అనగానే చాలామందికి గుర్తుకొచ్చే పేరు లివ్.52. 1955 నుంచి మార్కెట్‌లో ఉన్న ఈ మిశ్రమంలో కాసని, కామంచి, తెల్లమద్ది తదితర మూలికలు, మండూర భస్మం ఉంటాయి. మద్యం వల్ల కాలేయం దెబ్బతిన్న 80 మందిపై శ్రీలంకలో జరిగిన పరీక్ష 2003లో వెలువడింది. ఆరు నెలల అనంతరం ఈ మందు వాడినవారికీ, ఉత్తుత్తి మాత్ర వాడినవారికీ మధ్య లక్షణాలలో గానీ రక్త పరీక్షలలో గానీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

తెలుగునాట కామెర్లకు పసరుగా వాడే నేల ఉసిరి చరిత్ర కూడా గమనించదగినది. హెపటైటిస్ బి వైరస్‌ను శరీరంలో మోస్తున్నవారిపై మద్రాసులో జరిగిన పరీక్షను లాన్సెట్ పత్రిక 1988లో ప్రచురించింది. నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు రక్తం నుంచి తొలగిపోయిందని అందులో పేర్కొన్నారు. ఇతర చోట్ల జరిగిన తదుపరి పరీక్షలలో ఆ ఫలితం పునరావృతం కాలేదు. పైగా ఆ పరీక్ష వైరస్‌కు సంబంధించినదే తప్ప మద్యానికి సంబంధించినది కాదు. కామెర్లకు కారణాలు అనేకం. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు చాలాసార్లు వాటంతట అవే తగ్గుతాయి. ఆ ఘనత పసరుకు దక్కుతుంది. మద్యం వల్ల కాలేయం విఫలమై వచ్చిన కామెర్లు అలా తగ్గవు. పసరు మందుతో గడిపిన వారాలు చికిత్సకు దక్కవలసిన సమయాన్ని హరిస్తాయి.

కాపాడవలసినదే కీడు చేస్తే

మూలిక గనుక హాని ఉండదన్న భావన నిలబడదు. కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి కోసం తిప్పతీగ వాడకం పెరిగింది. దానిని వాడిన తరువాత కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది రోగుల సమాచారంతో మరో అధ్యయనం 2022లో వెలువడింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఈ ఆరోపణను తోసిపుచ్చింది. తిప్పతీగ సురక్షితమేననీ, దానిని పోలిన వేరొక మొక్కను పొరపాటున వాడి ఉండవచ్చనీ పేర్కొంది. ఏ వాదన సరైనదైనా వినియోగదారుకు ఎదురయ్యే చిక్కు ఒకటే: సీసాలో ఉన్నది ఏ మొక్కో తెలుసుకునే మార్గం అతనికి లేదు.

వంటింటి పసుపు వేరు, గాఢత పెంచిన పసుపు మాత్ర వేరు. పసుపు సప్లిమెంట్లు వాడిన పది మందిలో కాలేయ హానిని అమెరికా పరిశోధకులు 2022లో వివరించారు. శరీరం పసుపును ఎక్కువగా గ్రహించేందుకు ఇటువంటి మాత్రల్లో మిరియాల సారం కలపడం వాడుక. ఆ పది మందిలో ఏడుగురికి ఒకే రకమైన జన్యు లక్షణం ఉండటం, కొందరికి మాత్రమే ముప్పు ఎందుకన్న ప్రశ్నకు కొంత సమాధానమిచ్చింది. అమెరికాలో మందుల వల్ల కలిగే కాలేయ హానిని నమోదు చేసే పరిశోధన బృందం లెక్కల్లో మూలికలు, సప్లిమెంట్ల వాటా పదేళ్లలో 7 శాతం నుంచి 20 శాతానికి పెరిగింది.

అధిక మోతాదులో విటమిన్ ఎ కాలేయానికి విషం. మద్యం ఆ విషప్రభావాన్ని పెంచుతుంది. ఎక్కువ మోతాదు నియాసిన్ కూడా కాలేయాన్ని దెబ్బతీయగలదు. రక్తహీనత నిర్ధారణ కాకుండా ఇనుము మాత్రలు వాడటం మద్యం తాగేవారికి మంచిది కాదు. అదనపు ఇనుము కాలేయంలో చేరి హానిని పెంచుతుంది. తాగిన మరునాటి తలనొప్పికి పారాసిటమాల్‌ను ఇష్టానుసారం వేసుకోవడం కూడా ప్రమాదకరమే.

చట్టం ఏమంటోంది?

భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2016లో సప్లిమెంట్లకు ప్రత్యేక నిబంధనలు రూపొందించింది. వాటి ప్రకారం ఇవి ఆహార పదార్థాలే. వ్యాధిని నివారిస్తాయని, నయం చేస్తాయని చెప్పుకునే హక్కు తయారీదారుకు లేదు. ఔషధంగా వాడరాదన్న హెచ్చరిక చీటీపై ఉండాలి. ఆయుర్వేద ఔషధాలు వేరే చట్టం పరిధిలోకి, అంటే 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కిందికి వస్తాయి. రెండూ ఒకే దుకాణంలో పక్కపక్కనే కనిపించినా, ఒకటి ఆహారమని, మరొకటి ఔషధమని కొనేవారు గుర్తించాలి. డబ్బాపై ముద్రించిన లైసెన్సు సంఖ్య, అది మద్యం హానిని అడ్డుకుంటుందనడానికి రుజువు కాదు.

నిజంగా లోపించేవి

అధికంగా తాగేవారికి పోషకాల అవసరం ఉండనే ఉంటుంది. వాటిలో ముఖ్యమైనది థయమిన్, అంటే విటమిన్ బి1. దీని తీవ్ర లోపం వల్ల తికమక, నడకలో తూలు, కంటి కదలికల్లో లోపం ఏర్పడతాయి. సకాలంలో ఇవ్వకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. అందుకే తాగుడుకు బానిసై ఆసుపత్రిలో చేరినవారికి వైద్యులు థయమిన్ ఇస్తారు. అది రక్షించేది మెదడును, కాలేయాన్ని కాదు.

రెండోది ప్రొటీన్. కాలేయ రోగులకు పప్పు, పాలు, గుడ్లు మాన్పించాలన్న పాత సలహాను నేటి వైద్యం అంగీకరించడం లేదు. సిరోసిస్ ఉన్నవారు శరీర బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ తీసుకోవాలని యూరప్ కాలేయ నిపుణుల మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. రాత్రంతా పస్తు ఉండకుండా పడుకునే ముందు కొంత ఆహారం తీసుకోవడం కండరాలు కరగకుండా తోడ్పడుతుంది. ఖరీదైన డబ్బాతో పోలిస్తే పెరుగన్నం, పప్పు, గుడ్డు ఈ పనికి మేలు.

మాత్ర పనిచేసినట్లు ఎందుకు అనిపిస్తుంది?

కాలేయ పరీక్షలో అంకెలు పెరిగాయని తెలిసిన వ్యక్తి భయపడి కొంతకాలం తాగుడు తగ్గిస్తాడు. అదే సమయంలో మాత్ర కూడా మొదలుపెడతాడు. మద్యం తగ్గినందుకే అంకెలు దిగుతాయి, పేరు మాత్రకు వస్తుంది. ఆ ధైర్యంతో మళ్లీ తాగడం ప్రారంభమవుతుంది. మాత్ర చేసే అసలు హాని తరచుగా ఇక్కడే ఉంది. పైగా సిరోసిస్ ముదిరినవారిలో కూడా కాలేయ ఎంజైమ్‌ల అంకెలు దాదాపు మామూలుగా ఉండవచ్చు. కాబట్టి రక్త పరీక్ష బాగున్నంత మాత్రాన కాలేయం క్షేమమని నిర్ధారించరాదు. ప్లేట్‌లెట్ల సంఖ్య, అల్ట్రాసౌండ్, కాలేయపు గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ వంటివి వైద్యుని సలహాపై చేయించుకోవాలి.

మానడం వల్ల ఫలితం

మద్యం పూర్తిగా మానితే కొవ్వు కాలేయం సాధారణంగా కొన్ని వారాలలోనే తగ్గుముఖం పడుతుంది. సిరోసిస్ వచ్చిన తరువాత కూడా మానడం వ్యర్థం కాదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు 1968లో ప్రచురించిన అధ్యయనంలో, సిరోసిస్ నిర్ధారణ అనంతరం తాగుడు మానినవారిలో 63 శాతం మంది ఐదేళ్లు జీవించారు. కొనసాగించినవారిలో అది 41 శాతం. ఏ సప్లిమెంటు విషయంలోనూ ఇంతటి నిలకడైన సాక్ష్యం లేదు. మద్యం విషయంలో ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన పరిమాణమంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది.

అయితే ప్రతిరోజూ అధికంగా తాగేవారు ఒక్కసారిగా సొంతంగా మానడం ప్రమాదకరం. చేతుల వణుకు, చెమటలు, మూర్ఛ, మతిభ్రమణం తలెత్తి ప్రాణాపాయం కలగవచ్చు. అటువంటివారు వైద్య పర్యవేక్షణలోనే మానాలి. వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయవాణి 14446, మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ 14416 అందుబాటులో ఉన్నాయి. కళ్లు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం, రక్తపు వాంతులు, నల్లని మలం, మాటల్లో తికమక కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రలు, చూర్ణాలు, పసరు మందుల వివరాలు దాచకుండా వైద్యునికి చెప్పాలి. వీలైతే వాటి డబ్బాలను వెంట తీసుకువెళ్లాలి.